ఆల్బెమార్ల్ వీధిలో గాజు పాత్ర

లండన్‌లో చెల్లెలి ఇంట్లో పది రోజులు ఉన్నాను. ఏది చూసినా చూడకపోయినా శాస్త్ర పరిశోధనలకు పేరుపొందిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు మాత్రం వెళ్లి తీరాలని బయలుదేరే ముందే అనుకున్నాను. గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగి ఆల్బెమార్ల్ వీధికి నడిచాను. ముఖద్వారం పొడవునా స్తంభాలున్న పెద్ద భవనం. కింది అంతస్తులో ఫారడే మ్యూజియం. టికెట్ లేదు. జనమంతా ఫారడే వస్తువుల దగ్గర ఆగుతున్నారు. నేను వెతికింది శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవర్ చేసిన గాజు పాత్ర కోసం. మన ఇళ్లలోని ఫ్లాస్కుకు మూలం అదే.

దాని ముందు నిలబడగానే నాన్న గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉంటే రోజూ ఫ్లాస్కులో పాలు తీసుకెళ్లేవారు. ఒకరోజు అది నా చేతిలోంచి జారింది. లోపల ఠప్పుమంది. మూత తీస్తే పాలలో వెండి రంగు గాజు పెంకులు తేలుతున్నాయి. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. బజారు నుంచి ఫ్లాస్కు లోపల పెట్టే కొత్త గాజు సీసా తెచ్చి, బిగించే ముందు దాని అడుగున ఉన్న సన్నని గాజు తోక చూపించారు. "ఇది విరిగిందంటే ఇక వేడి నిలవదు" అన్నారు. సీసాకున్న రెండు గాజు గోడల మధ్య గాలి లాగేసి, మూసేసిన చోటు అది.

1892లో డ్యూవర్ ఆ పని చేసింది వేడి కోసం కాదు, ద్రవంగా మార్చిన వాయువులను చల్లగా నిలపడానికి. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గదిలో ఉన్న వేడి తగిలితే చాలు, ఆవిరైపోతుంది. గోడల మధ్య గాలి లేకపోతే వేడి దాటడానికి దారి ఉండదు. గాజుకు వెండి పూత పూస్తే కిరణాల రూపంలో వచ్చే వేడి కూడా వెనక్కి మళ్లుతుంది. 1898లో ఆయన హైడ్రోజన్‌ను సైతం ద్రవంగా మార్చారు. ఆ ప్రయోగాల్లో జరిగిన పేలుళ్లలో ఇద్దరు సహాయకులకు చెరో కన్ను పోయింది. అక్కడ నిలబడి నేను ఎక్కువసేపు ఆలోచించింది వాళ్ల గురించే.

డ్యూవర్ పేటెంట్ తీసుకోలేదు. బెర్లిన్‌కు చెందిన గాజు పనివాడు రైన్‌హోల్డ్ బర్గర్ ఆ పాత్రకు లోహపు తొడుగు వేసి ఇళ్లలో వాడుకునేలా మలిచారు. 1904లో థర్మోస్ అనే పేరు వచ్చింది. గ్రీకులో ఆ మాటకు అర్థం వేడి. డ్యూవర్ కోర్టుకెక్కినా ఓడిపోయారు. ఆ పేరు ఎంతగా జనం నోట పడిందంటే, అది వాడుక మాటగా మారిపోయిందని 1963లో అమెరికా న్యాయస్థానమే చెప్పింది. చల్లదనాన్ని కాపాడడానికి పుట్టిన పాత్రకు వేడి పేరు స్థిరపడడం నాకు నచ్చలేదు. ప్రయోగశాలల్లో మాత్రం దాన్ని ఇప్పటికీ డ్యూవర్ అనే పిలుస్తారు. మన పశువుల ఆసుపత్రుల్లో ద్రవ నత్రజని నిల్వ ఉంచే డబ్బాలూ ఆ వంశానివే.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మన ఫ్లాస్కు ఇంకా అటక మీదే ఉంది, అమ్మాయీ. బిరడా ఒక్కటే పాడైంది. అక్కడేమన్నా దొరుకుతుందేమో చూడు."