ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది: మా పాపతో లెక్కలు

మా అమ్మాయి మూడున్నరేళ్లకే లిఫ్టు బటన్ల మీద అంకెలు చదివేది. నాలుగు నిండేసరికి ప్రీస్కూల్లో నేర్పిన వన్ టూ త్రీ వంద దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు ఇదీ ఒక ఐటమ్. "వంద వచ్చేసిందిగా, ఇంక ఎక్కాలు మొదలెట్టమ్మా" అని మా అత్తయ్య. "అబాకస్‌లో చేర్పించెయ్ వదినా, ఈ వయసులోనే పట్టుకోవాలి" అని ఆడపడుచు.

నాకు మాత్రం దాని తెలివి ఆ అప్పజెప్పడంలో కనిపించలేదు. మెట్లెక్కుతూ తనలో తాను తెలుగులో లెక్కపెట్టుకునేటప్పుడు కనిపించింది. "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు..." అంటూ పోయేది. ఇరవై పది అని దానికి ఎవరూ నేర్పలేదు. ఇరవైకి ఒకటి నుంచి వరసగా తగిలించుకుంటూ పోవాలని తనే పట్టేసింది, ఎక్కడ ఆగాలో మాత్రం తెలియలేదు. వాళ్ల నాన్న నవ్వుతూ సరిచెయ్యబోతే వద్దన్నాను. ముప్పై అని మనం అందిస్తే ఆ మాట ఒక్కటే వస్తుంది. ఇరవై పది నిజంగా ఎంతో అది చేత్తో పట్టుకుని చూసేదాకా ఆగుదామనుకున్నాను.

నేను టీచర్ని కాను, ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటాను. అందుకని రాత్రిళ్లు కూర్చుని కాస్త చదివాను. పిల్లలు లెక్కపెట్టడం ఎలా నేర్చుకుంటారో 1978లో గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఐదు సూత్రాలుగా చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్క అంకే చెప్పాలి, అంకెల వరస మారకూడదు, చివర చెప్పిన అంకే మొత్తం, ఏ వస్తువునైనా లెక్కపెట్టొచ్చు, ఏ చివర నుంచి మొదలెట్టినా మొత్తం మారదు. చదువుతుంటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చిక్కుడు గింజలు పోస్తే తెలుస్తుంది. మా పాపకి ఐదూ వచ్చు. కానీ ఎనిమిది గింజల వరసని దాని కళ్ల ముందే దూరం దూరంగా జరిపి "ఇప్పుడు?" అంటే, "ఎక్కువైపోయాయి" అంది. వంద దాకా చెప్పే పిల్ల! పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన సైకాలజిస్టు పియాజే ఏనాడో చెప్పింది ఇదే: ఆ వయసు పిల్లలు చాలామంది వరస పొడుగుని చూసి ఎక్కువో తక్కువో చెప్పేస్తారు. ఇది బతిమాలి నేర్పేది కాదు కాబట్టి వదిలేశాను. కొన్ని నెలలకి మళ్లీ అదే పని చేస్తే "నువ్వు జరిపావంతే కదా" అని నన్ను జాలిగా చూసింది.

దాంతో నాకో దారి దొరికింది. వంద తర్వాత వెయ్యి, కూడిక తర్వాత తీసివేత అని పరిగెత్తకుండా, పది లోపల ఉన్నదంతా తవ్వి చూడాలి. చురుకైన పిల్లకి ఇది తక్కువవుతుందేమో అని వాళ్ల నాన్నకి బెంగ. తక్కువ కాలేదు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి చింతపిక్కలు. ఎక్కాలు నేర్పమన్న మా అత్తయ్యే ఐదు పిక్కలు తీసుకుని, పెరటి గచ్చు మీద ఒక్కోదాన్నీ ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసి పెట్టారు. వాళ్ల చిన్నప్పుడు గవ్వలు లేకపోతే వీటితోనే ఆడేవారట. రెండు చేతుల మధ్య గలగలలాడించి కింద వెయ్యాలి. "తెల్లవెన్ని?" మూడు. "నల్లవెన్ని?" రెండు. మొదట్లో ఒక్కోదాని మీదా వేలు పెట్టి లెక్కపెట్టేది. పోను పోను చూడగానే చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు నేను నల్లవాటిని అరచేత్తో మూసేశాను. "తెల్లవి నాలుగు. చేతి కింద ఎన్ని?" కాసేపు నా చేతి వంక చూసి, తన ఐదు వేళ్లూ తెరిచి, నాలుగు మడిచి, మిగిలిన వేలు నాకు చూపించింది. ఐదులోంచి నాలుగు పోతే ఎంత అని నేను అడగలేదు, తీసివేత గుర్తు ఎలా ఉంటుందో దానికి తెలియదు.

ఒకరోజు ఐదూ నల్లగానే పడ్డాయి. "తెల్లవి లేవు" అంది. లేవంటే ఎన్ని అని అడిగితే చిరాకుపడింది, లేనివాటిని ఎలా లెక్కపెడతారని. అట్ట ముక్క మీద సున్న రాసి పక్కన పెట్టాను. లిఫ్టులో రోజూ నొక్కే సున్నకీ దీనికీ సంబంధం ఉందని అప్పుడు తట్టినట్టుంది, అట్ట తీసుకెళ్లి నానమ్మకి చూపించి వచ్చింది.

ఆ తర్వాత ఐదు పిక్కలు ఎన్ని రకాలుగా పడతాయో బొమ్మలు వేశాం. నేను గుండ్రాలు గీస్తే తను నల్ల క్రేయాన్‌తో నింపేది. ఐదు తెల్లవి, నాలుగూ ఒకటి, మూడూ రెండు, అలా చివరికి ఐదూ నల్లవి: మొత్తం ఆరు రకాలు. ఆరో పిక్క కలిపితే ఏడు వచ్చాయి. ఏడు పిక్కలకి ఎన్ని అని నేను అడిగేలోపే "ఎనిమిది" అంది. ఎందుకని అడిగాను. "సున్నని కూడా లెక్కపెట్టాలి కదమ్మా" అంది విసుగ్గా. పదో ఎక్కం దాకా అప్పజెప్పే పిల్లలుంటారు, ఉండనివ్వండి. ఆ సమాధానం మీద నాకు ఇప్పటికీ మోజే.

(ఇంట్లో పాకే పిల్లలుంటే చింతపిక్కలూ గవ్వలూ ఆట అవగానే డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. మా ఆడపడుచు బుడ్డోడు ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆ కంగారు ఎవరికీ వద్దు.)

అష్టాచమ్మా కూడా నానమ్మ దగ్గరే. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. కాయ నడపడంలో దానికి ఒక చిక్కు ఉండేది, చాలామంది పిల్లలకి ఉంటుందిట: నిలబడ్డ గడినే ఒకటి అని మొదలుపెట్టి ఒక గడి వెనకబడేది. నానమ్మ "దూకితేనే లెక్క" అని ఒక మాట పెట్టారు. కాయతో పాటు తనూ పీట మీద ఎగిరి కూర్చుంటూ చెప్పేది, ఆట నడవడానికి గంట పట్టేది.

వైకుంఠపాళిలో అసలు ఇబ్బంది దారి మెలికలు. పదో గడి దాటగానే పై వరసలో వెనక్కి తిరగాలి. 2008లో రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు ప్రీస్కూల్ పిల్లల చేత ఒకటి నుంచి పది దాకా గడులున్న తిన్నని బోర్డు మీద ఆడించి చూశారు. పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడితేనే అంకెల్లో ఏది పెద్దదో పోల్చడం బాగుపడింది, రంగుల గడుల మీద ఆడినవాళ్లకి ఆ లాభం రాలేదు. అది చదివి హాల్లో నేల మీద మాస్కింగ్ టేపుతో ఇరవై గడుల పట్టీ అంటించాను. ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాం: ఏడో గడిలో ఉండి మూడు పడితే ఒకటి, రెండు, మూడు అనకూడదు, ఎనిమిది, తొమ్మిది, పది అంటూ నడవాలి. ఏడు మీద మూడు కలపడం ఇదే కదా. కూడిక అనే మాట మా ఇంట్లో వినిపించడానికి చాలా ముందే పనిగా వచ్చేసింది.

ఇక ఇరవై పది సంగతి. కొబ్బరి చీపురు పుల్లలు విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయించాను. ప్రభుత్వ బడిలో చదువుకున్నవాళ్లకి కొత్తేం కాదు. రెండు కట్టలూ తొమ్మిది విడి పుల్లలూ పెట్టి, ఇంకొకటి చేతికిచ్చాను. ఇరవై పది అని యథాప్రకారం మొదలెట్టి, విడి పుల్లల వంక చూసి, "బ్యాండు ఇవ్వు" అంది. మూడో కట్ట అయ్యాక దాని పేరు అడిగితే అప్పుడు చెప్పాను. రాయడంలో ఇంకో పేచీ: ఇరవై మూడుని 203 అని రాసేది, చెవికి ఎలా వినిపిస్తే అలా. దానికి మాంటిస్సోరి వాళ్ల చీటీల పద్ధతి బాగా పనిచేసింది. 20 అని ఒక పొడుగు చీటీ, 3 అని ఒక పొట్టి చీటీ, పొట్టిదాన్ని సున్న మీద కప్పాలి. ఎత్తి చూస్తే కింద సున్న దాక్కుని ఉంటుంది. ఆ దాక్కోవడం దానికి భలే నచ్చింది.

బడితో మాత్రం కాస్త తంటా వచ్చింది. యూకేజీలో రోజూ ఒకటి నుంచి వంద రాసుకురమ్మనేవారు. వేళ్లు నొప్పి పుట్టి ఏడ్చేది. బుర్రకి వచ్చిన లెక్క వేళ్లకి రావడానికి ఇంకా టైముంటుంది, రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మన బళ్లు బోర్లా పడుతున్నాయని నా అభిప్రాయం. వెళ్లి మాట్లాడితే, "మీ పాప ఫాస్ట్ అండీ, నేరుగా ఒకటో క్లాసులో కూర్చోబెట్టేద్దాం" అన్నారు. వద్దన్నాను. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి, అదొకటి. పైగా పై క్లాసుకి వెళ్తే చెయ్యాల్సిన రాత ఇంకా పెరుగుతుంది తప్ప ఆలోచించాల్సిన పని పెరగదు. చివరికి రోజుకి పది అంకెలు రాస్తే చాలని మేడమ్ ఒప్పుకున్నారు.

ఎక్కాలు ఎప్పుడని అందరూ అడుగుతూనే ఉన్నారు. అవి రైల్లో వచ్చాయి. విజయవాడ నుంచి తిరుపతి వెళ్తున్నాం, 72 బెర్తుల పాత స్లీపర్ బోగీ. నానమ్మకి లోయర్ బెర్త్ ఏదో వెతకమని పాపని పంపాను. గోడల మీద నంబర్లు చదువుతూ, ఒక్కో బెర్తుల అరలో ఎనిమిది ఉన్నాయనీ, ఎనిమిదోది ఎప్పుడూ నడవకి అవతలి పక్కన పైదే అనీ కనిపెట్టింది. ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు అని బోగీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి చదువుకొచ్చింది. నలభై ఎనిమిది దగ్గర పడుకున్నాయనని లేపింది కూడా. "సైడ్ అప్పర్ల లెక్క" అని దానికి పేరు పెట్టుకుంది. ఎనిమిదో ఎక్కం అంటే ఇదేనని మా అత్తయ్యకి చెప్తే, "ఏదో ఒకటి, వచ్చిందిగా" అన్నారు.

షాపింగ్ మాల్ లిఫ్టులో -1 చూసి సున్న కింద కూడా అంకెలుంటాయా అంది. ఉంటాయన్నాను. ఎన్ని అంది. పైకి ఎన్నో కిందకీ అన్ని అంటే, "అన్ని సెల్లార్లా!" అని వదిలేసింది. నేనూ వదిలేశాను, అడిగినదానికి మించి చెప్తే మొహం తిప్పేసుకుంటుంది.

ఇప్పుడు ఐదు నిండి నెలలవుతోంది. అబాకస్‌లో చేర్పించలేదు, వర్క్‌షీట్లు కొనలేదు. మురుకులు ముగ్గురికి సమంగా పంచమంటే పంచి, మిగిలిన ఒక్కటీ ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు, సాధారణంగా తనే తినేస్తుంది. ప్రస్తుతం నడుస్తున్న పేచీ గడియారం. తొంభై తొమ్మిది తర్వాత వంద వస్తుంటే, మైక్రోవేవ్‌లో యాభై తొమ్మిది తర్వాత సున్నాలు ఎందుకు వస్తున్నాయని అడుగుతోంది. వాళ్ల నాన్న రాత్రి అరవై పుల్లలు విరుస్తూ కూర్చున్నారు.