పెట్టె సమాధి తవ్వకంలో తొందర పనికిరాని చోట్లు

బండరాళ్ల వలయం, మధ్యలో నేలమీదికి కాస్త తేలిన మూతబండ. దక్కన్‌లో ఇనుప యుగపు రాతి పెట్టె సమాధి పైకి కనిపించేది ఇంతే. ఊళ్లలో రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అనేవాటిలో చాలావరకు ఇవే. అందరి కళ్లూ మూతబండ మీదే ఉంటాయి గానీ, పని మొదలయ్యేది అక్కడ కాదు. వలయాన్ని నాలుగు భాగాలు చేసి, మధ్యలో అరమీటరు గట్లు వదిలి, ఎదురెదురు భాగాలు రెండు ముందు తవ్వాలి. సమాధి గొయ్యి ఏ మట్టంలో తీశారో, రాళ్లు ఎప్పుడు పేర్చారో ఆ గట్టు కోతలో తేలుతుంది. గుప్త నిధుల కోసం ఎవరైనా ముందే దిగి ఉంటే అదీ అక్కడే బయటపడుతుంది. వాళ్లు పూడ్చిన మట్టి పొరల్లేకుండా, వదులుగా ఉంటుంది.

మూతబండ బరువు ముందే లెక్కగట్టాలి. గ్రానైట్ ఘనమీటరుకు దాదాపు 2.7 టన్నులు. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న బండ నాలుగు టన్నులు తూగుతుంది. నిట్టనిలువుగానే ఎత్తాలి. పక్కకు జరిపితే కింద పెట్టె గోడలుగా నిలబెట్టిన నాలుగు బండల అంచులు పగులుతాయి.

ఆ నాలుగు బండలు స్వస్తిక ఆకారంలో, ఒకదాని చివర మరొకదాన్ని దాటేలా నిలబెట్టి ఉంటాయి. బయటి మట్టి నెట్టే కొద్దీ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్విన పెట్టెల్లో ఈ అమరికే ఉంది, తూర్పు బండకు గుండ్రటి కన్నం కూడా. అయినా లోపలి మట్టి తీస్తున్నకొద్దీ బండలు లోపలికి ఒరగొచ్చు కాబట్టి అడ్డకర్రలు బిగిస్తూ దిగాలి.

ఎముకలు చెల్లాచెదురుగా కనిపించగానే ఎవరో కెలికారని తేల్చేయకూడదు. వేరేచోట మాంసం పోయాక ఏరి తెచ్చి పెట్టిన ఎముకలు ఈ సమాధుల్లో మామూలే. అందుకే ప్రతి ఎముక దిశ, లోతు గీసుకున్నాకే కదపాలి.

నలుపు-ఎరుపు కుండలు చాలావరకు మట్టి బరువుకు ముందే చిట్లి ఉంటాయి. చుట్టూ మట్టే వాటిని పట్టి ఉంచుతుంది. అది తీసేస్తే పెంకులు విడిపోతాయి. సగం బయటపడగానే గాయాలకు కట్టే పలుచటి గాజ్ గుడ్డ చుట్టి, లోపలి మట్టితో సహా ఎత్తాలి. కుండను అక్కడే గుమ్మరించడం, కడగడం నాకు ససేమిరా నచ్చదు. గింజలు, పూసలు, వంటకాల జిడ్డు ఆనవాళ్లు ఉండేది ఆ మట్టిలోనూ, లోపలి గోడలోనూ.

ఇనుప కత్తి దొరికితే తుప్పు గీకకూడదు. దాన్ని చుట్టిన గుడ్డ నేత, పిడి కర్ర నారలు ఆ తుప్పులోనే ముద్రపడి ఉండొచ్చు. ఎముకను గట్టిపరిచే పారలాయిడ్ బీ-72 అనే రసాయనం పూసేముందే కాలనిర్ణయానికి నమూనా తీసుకోవాలి. పూశాక తీస్తే ఆ రసాయనం లెక్కను తప్పుదారి పట్టించవచ్చు.

మిగతా మట్టంతా రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. కార్నీలియన్ అనే ఎర్రరాతి పూసల్లో చిన్నవి తాపీతో తవ్వేటప్పుడు కంటికి ఆనవు. అడుగు బండ కిందా ఒక మూల తవ్వి చూడాలి. పూడ్చేముందు అడుగున ప్లాస్టిక్ వల పరిస్తే, తర్వాత తవ్వేవాళ్లకు మన పని ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.