కప్పగల్లు ఎద్దులు, కుడితిని బూడిద

గుంతకల్లులో రైలెక్కిన వాళ్ళలో సగం మంది హంపికే. బళ్ళారిలో దిగుతానంటే పక్క సీటాయన నన్ను వింతగా చూశాడు. నేను వచ్చింది బూడిద చూడటానికి, వేల ఏళ్ళ కిందటి మనుషులు పేడ కాల్చగా మిగిలిన బూడిద దిబ్బ. హొసపేట బస్సెక్కి కుడితినిలో దిగితే రోడ్డు పక్కనే ఉంటుంది దిబ్బ. బోర్డు ఉంటుందనుకున్నా, నాకైతే ఎక్కడా కనపడలేదు. దారి చెప్పమని అడిగితే టీకొట్టులో ముగ్గురు మూడు వైపులు చూపించారు.

దగ్గరికి వెళ్ళి చెయ్యి వేస్తే ఆశ్చర్యం. బూడిదంటే మెత్తగా చేతికంటుతుందనుకున్నా. ఇక్కడ కొన్ని చోట్ల రాయిలా గట్టిపడి ఉంది. లోపల బుడగల్లాంటి చిల్లులు, అంచు గాజులా నున్నగా, బూడిదరంగు మీద ఆకుపచ్చ జీర. పేడ కుప్పలు కుప్పలుగా పోసి తగలబెడితే, లోపల వేడి బాగా పెరిగి అది కరిగి, చల్లారాక ఇలా అవుతుందట. హంపి దగ్గర నింబాపురంలో ఇలాంటి దిబ్బనే వాలి చితి అంటారు. ఈ దిబ్బలు పశువుల పేడ బూడిదేనని పాతకాలపు ఆనవాళ్ళు వెతికిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ పంతొమ్మిదో శతాబ్దంలోనే వాదించాడు. 1957లో మన పాలమూరు వైపు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అలాంటి దిబ్బలోనే తవ్వకాలు జరిపితే దడి గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. ఆవుల గిట్టల అచ్చులు కూడా! ఐదు వేల ఏళ్ళ కిందటి నుంచి మూడు వేల ఏళ్ళ కిందటి దాకా మనుషులు మందలను దొడ్లలో కట్టుకుని, పేడ పోగేసి, కాల్చి, మళ్ళీ అక్కడే పోగేశారు.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగాడు. "యాడ నుంచి సామీ?" తెలుగే. బళ్ళారి చుట్టుపక్కల తెలుగుకి కొదవలేదు. పేడ ఎందుకు కాల్చి ఉంటారు తాతా అని అడిగా.

"పేడ ఎవుడైనా పారేస్తాడా? పొలానికి తోలుకుంటారు. కాల్చినారంటే పండగే అయ్యుంటాది. సంక్రాంతికి మేము ఎద్దుల్ని మంట మీద దూకిస్తాం కదా, దిష్టి పోతాదని."

ఒక్క క్షణం మాట రాలేదు నాకు. ఆల్చిన్ కూడా ఇంచుమించు ఇదే ఊహించాడు, ఏటేటా పశువుల కోసం వేసిన పండగ మంటలని. మా ఊళ్ళో ధనుర్మాసమంతా అమ్మ గొబ్బెమ్మల పేడను పిడకలు చేసి గోడకు కొట్టేది, భోగినాడు దండ గుచ్చి మంటలో వేసేవాళ్ళం. ఇది అదే ఆచారమని నేననను, మధ్యలో వేల ఏళ్ళున్నాయి. కానీ ఆ పొగ వాసన మాత్రం ముక్కుకి తగిలింది.

మర్నాడు రాతి బొమ్మలున్న కప్పగల్లు కొండకి. బళ్ళారి నుంచి ఆరేడు కిలోమీటర్లకి ఆటోకి అయిదు వందలు! బేరమాడినా దిగలేదు. కొండమీద నల్లరాతి కట్టంతా ఎద్దుల బొమ్మలే. రాతి పైపొరను ఇంకో రాయితో కొట్టి కొట్టి గీశారు. ఒక ఎద్దు ముందు చాలాసేపు కూర్చున్నా. పొడుగాటి కొమ్ములు, ఎత్తైన మూపురం, కిందికి జారిన గంగడోలు. గీసినవాడు దాన్ని రోజూ దగ్గర నుంచి చూసినవాడే. ఈ మూపురం జాతి పడమటి దేశాల పశువుల నుంచి రాలేదు. ఇక్కడి అడవి ఎద్దునే మనవాళ్ళు వేరుగా మచ్చిక చేశారని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ అనే ప్రాచీన గ్రామపు తవ్వకాల్లో దొరికిన పశువుల ఎముకలు కాలం గడిచేకొద్దీ చిన్నవవుతూ వచ్చాయి, అడవి గొడ్డు ఇంటి గొడ్డు అయిందనడానికి అదొక ఆనవాలు. మచ్చిక అంటే పట్టి, కొట్టి, లొంగదీయడమనే అనుకునేవాణ్ణి. ఈ బూడిదనీ బొమ్మలనీ చూశాక తరతరాలుగా ఒకే దడిలో పడుకున్న మనుషులూ పశువులే కళ్ళముందు మెదిలారు.

కొట్టగానే గంటలా మోగే బండలు కూడా ఉన్నాయక్కడ. అంతలో కింద నుంచి క్వారీ మిషన్ల చప్పుడు. కంకర కోసం ఈ కొండ అంచుల్ని ఇప్పటికే తినేశారు, బొమ్మలు కొన్ని పోయాయి కూడా. కోపంతో ఒళ్ళు మండింది. కొండనంతా కంచె వేసి కాపాడాలి, అదీ ఇప్పుడే. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు బళ్ళారిలో ఫుట్ పేరుతో ఉన్న సంగనకల్లు మ్యూజియం చూసి, పొద్దున్నే ఎక్కండి. పది దాటితే బొమ్మల మీద ఎండ సూటిగా పడి గీతలు సరిగా కనపడవు.