ఒకడికి ఒకడు

"అసలు నువ్వీ ఊరొచ్చి ఎన్నేళ్ళయిందని?" అన్నాడు మా ఫోర్‌మన్, కాఫీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టి. నేనన్నదల్లా ఈ ఊరి ఐస్ హాకీ జట్టు హాల్ అనే ఆటగాణ్ణి ఇచ్చి లార్సన్‌ని తెచ్చుకోవడం మరీ అంత దారుణమేం కాదేమో అని. బ్రేక్ రూములో ఆరుగురం ఉన్నాం, ఒక్కరూ నోరెత్తలేదు. నేను పులిహోర డబ్బాకి మూత పెట్టేసుకున్నాను.

కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో ఈ గొడవ 2016 జూన్ 29 నాటిది. 2010 డ్రాఫ్టులో (జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) అందరికంటే ముందు ఎంచుకున్న, గోల్స్ కొట్టే టేలర్ హాల్‌ని మా ఊరి జట్టు ఆయిలర్స్ వాళ్ళు న్యూజెర్సీ జట్టుకి ఇచ్చేసి, బదులుగా ఆడం లార్సన్ అనే డిఫెన్స్‌మన్ (అవతలివాళ్ళు గోల్ కొట్టకుండా అడ్డుకునేవాడు) ఒక్కణ్ణే తెచ్చుకున్నారు. పాడిగేదెను ఇచ్చేసి దుక్కిటెద్దును తోలుకొచ్చినట్టు. రెండేళ్ళు తిరక్కముందే హాల్ ఒకే సీజన్లో (గోల్సూ, గోల్స్‌కి అందించిన పాసులూ కలిపి) 93 పాయింట్లు కొట్టి, లీగ్ మొత్తంలో మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ ఎత్తుకుపోయాడు. బేరంగా చూస్తే నష్టమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ వరసగా పదేళ్ళు ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు లార్సన్ వచ్చిన ఏడాదే వెళ్ళింది కదా (జట్టులోని పెద్ద స్టార్ మెక్‌డేవిడ్ లేకుండా వెళ్ళేదా అంటే, సరే, వెళ్ళేది కాదు).

ఫోర్‌మన్ కోపం లార్సన్ మీద కాదని ఇంటికొచ్చాక తట్టింది. 1988లో, హాకీకే దేవుడనిపించుకున్న తమ గ్రెట్‌స్కీనే లాస్ ఏంజిలిస్‌కి పంపేసిన ఊరిది, ఆ పుండు ఇంకా మానలేదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? 2016లో మన సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిపెట్టి, లాక్‌డౌన్లో తెలుగు పాటలకి స్టెప్పులేసిన వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి తీసేసి, ఆనక జట్టులోంచి కూడా పక్కన పెట్టినప్పుడు వారం రోజులు తిట్టుకుంటూనే ఉన్నాను. అప్పుడెవడైనా కెనడావాడొచ్చి, కొత్త కెప్టెన్ విలియమ్సన్ కూడా మంచివాడేగా అంటే ఊరుకునేవాణ్ణా?

అయినా నా మనసు లార్సన్ వైపే లాగుతుంది. నేనూ ఈ ఉద్యోగంలోకి, అందరికీ ఇష్టమైన ఒకాయన్ని తీసేస్తే ఖాళీ అయిన చోటికే వచ్చాను, మొదటి ఆర్నెల్లూ ఏం చేసినా ఆయనుంటేనా అనేవాళ్ళు. 2018లో లార్సన్‌ని చూడ్డానికి స్వీడన్ నుంచి వచ్చిన తండ్రి ఈ ఊళ్ళోనే హఠాత్తుగా పోయాడు. ఆ తర్వాత కూడా మూడేళ్ళు ఇక్కడే ఆడి, 2021లో సియాటిల్ వెళ్ళిపోయాడు.

వచ్చే మేలో నాన్న వస్తానంటున్నారు. బీపీ మాత్రలు ఎన్ని నెలలకి సరిపడా తెచ్చుకోవాలో నిన్న రాత్రే అమ్మకి వాట్సాప్ చేశాను.