తీరని కోరికకు చెల్లించిన మొక్కు

ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు, విజయవాడ గుణదల కొండ మీద, ఆ పేరుతో కొలిచే యేసు తల్లి మరియమాత గుహ ఎదుట మేము మొక్కు చెల్లించి వచ్చాము. కోరిక తీరకుండానే మొక్కు చెల్లించడమేమిటని మా బంధువులలో కొందరు అడిగారు. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్న నా భర్తకు రెండు కళ్లూ దక్కాలని నేను నిరుడు మాతకు మొక్కుకున్న మాట నిజమే. శస్త్రచికిత్స తరువాత ఎడమ కన్ను నిలిచింది, కుడి కంటికి చూపు రాలేదు. అయినా ఆయన తలనీలాలు ఇస్తానన్నారు, నేను చెప్పులు లేకుండా కొండ ఎక్కుతానన్నాను. సరుకు సగమే వచ్చిందని సొమ్ము సగం పట్టుకునే వ్యాపారి లెక్క దేవుని దగ్గర మాకు వద్దనిపించింది.

తిరునాళ్లు 9వ తేదీనే మొదలైనా, జనమంతా చివరి రోజుకే కూడినట్టుంది. 1924లో ఇటలీ నుంచి వచ్చిన గురువు ఫాదర్ అర్లాటి ఈ కొండ గుహలో మాత స్వరూపాన్ని నిలిపినది మొదలు, కులమతాల పట్టింపు లేకుండా ఎందరో ఇక్కడికి వస్తున్నారు. అది సంతోషించవలసిన విషయమే. కానీ పెదవులపై జపమాల ప్రార్థన సాగుతుండగానే చేతులతో ముందువారిని తోయడం, చంటిపిల్లల తల్లులను సైతం నెట్టుకుని పోవడం చూస్తే మనసు చివుక్కుమంది.

కుడివైపు నుంచి వచ్చేవారు కనబడక నా భర్త మెట్ల మీద తూలిపోయారు. వెనక వస్తున్న ఒక పెద్దావిడ, ముఖపరిచయమైనా లేని మనిషి, వెంటనే ఆయన కుడి చేయి పట్టుకుని, "బాబూ, ఈ పక్కన నేనున్నాను, భయపడకుండా అడుగు వెయ్యి" అన్నది. యేసు సిలువ మోసిన ఘట్టాలను తలచుకునే సిలువ మార్గపు ఒక్కొక్క స్థలం దగ్గర ఆగి, తాను ప్రార్థించుకుని, ఆయన ఆయాసం తీరేదాకా ఉండి, మళ్లీ నడిపించింది. ఆమె ఏ కోరికతో వచ్చిందని అడిగాను. "మా పిల్లాడు బతకాలని మొక్కుకున్నానమ్మా, బతకలేదు. అయినా ఏటా వస్తాను. సిలువ కింద నిలబడి కొడుకును చూసుకున్న తల్లి కదా ఈమె, నా ఏడుపు ఈమెకు తెలుసు" అన్నది. ఆ మాటకు ఏమి బదులు చెప్పాలో నాకు తోచలేదు.

గుహ ముందు మాకు దక్కినది కొన్ని క్షణాలే. "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టానో లేదో, వెనకవారు ముందుకు నెట్టేశారు. ఆ కాస్త వ్యవధిలోనే ఆయన తలను కుడివైపు తిప్పి, మిగిలిన ఆ ఒక్క కంటితో తెల్లని వస్త్రాన్నీ నీలి నడికట్టునూ తృప్తిగా చూసుకున్నారు.

నేనేమీ అడగలేదని చెప్పను. ఎడమ కన్నును కాపాడమని కన్నీళ్లతో అడిగాను. గెత్సేమనే తోటలో మన ప్రభువు యేసు కూడా తన ముందున్న శ్రమల గిన్నెను తొలగించమని ముందు తండ్రిని అడిగి, ఆ తరువాతే "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నాడు. దేవదూత ఎదుట "ఇదిగో ప్రభువు దాసురాలను" అన్న తల్లి పాదాల దగ్గర నేనూ "నీ చిత్తమే" అన్న ఆ రెండో మాట చెప్పగలిగాను. కిందికి వచ్చాక దివ్యబలిపూజలో, ప్రభువు నేర్పిన ప్రార్థనలోని "మీ చిత్తము పరలోకమందు నెరవేరునట్లు" అన్నచోట నా భర్త గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

వచ్చే నెలలో ఆయన ఎడమ కంటికి మళ్లీ పరీక్ష ఉంది. దాని ఫలితం ఏదైనా, మరుసటి పండుగకు కూడా గుణదల వెళ్లాలని ఆయనే నిర్ణయించారు. ఆ పెద్దావిడ కోసం మెట్ల దగ్గర వెదకాలని నేను అనుకుంటున్నాను.