సిరి మీద నమ్మకముంది, టెన్షనూ ఉంది

విచర్ 4 అనే వీడియో గేమ్ ట్రైలర్ 2024 డిసెంబర్‌లో వచ్చింది. నల్గొండలో మా ఇంట్లో నేనూ తమ్ముడూ దాన్ని ఇంకా పెట్టుకుని చూస్తూనే ఉన్నాం. ఈసారి ఆట ఇన్నాళ్లూ హీరోగా ఉన్న రాక్షసుల వేటగాడు గెరాల్ట్‌ది కాదు, అతను కూతురిలా పెంచిన సిరిది. చాలామందికి అది మింగుడుపడలేదు. నాకైతే ఇదే కరెక్ట్ అనిపిస్తోంది, గెరాల్ట్ కథ మూడో భాగంలోనే నిండుగా ముగిసింది.

ట్రైలర్‌లో ఊరివాళ్లు ఒక అమ్మాయిని రాక్షసికి బలిగా పంపుతారు. సిరి ఆ రాక్షసిని చంపి తిరిగొచ్చేసరికి, ఆ పిల్లని ఊరివాళ్లే చంపేసి ఉంటారు. అక్కడ సిరి ముఖం ఒకసారి ఆపి చూడండి. 2015లో వచ్చిన మూడో భాగంలో బ్లడీ బారన్ అనే పాత్ర కథ ఆడినప్పుడు ఏ దారి ఎంచుకున్నా మనసు బరువెక్కేది. అదే చెయ్యి మళ్లీ కనిపించింది.

భయమల్లా విడుదల రోజు గురించే. 2020లో ఈ ఆటలు చేసే సీడీ ప్రాజెక్ట్ రెడ్ కంపెనీ తెచ్చిన మరో ఆట సైబర్‌పంక్ 2077, పాత గేమ్ కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది. తర్వాత బాగుచేశారు, ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు ఆటను నడిపే సొంత సాఫ్ట్‌వేర్ (ఇంజిన్) వదిలేసి అన్‌రియల్ ఇంజిన్ 5కి మారారు. 2025 జూన్‌లో చూపించింది ఆ ఇంజిన్ పనితనం చూపే టెక్ డెమో మాత్రమే, అసలు ఆట కాదు. ఇంకా టైమ్ తీసుకోనీ, మాకేం తొందర లేదు. తమ్ముడు మాత్రం గ్రాఫిక్స్ కార్డుకి ఇప్పటినుంచే డబ్బులు దాస్తున్నాడు, ఆగరా అంటే వినడు.