డబ్బా మీద వల్కన్ గన్ను

మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. పోయిన ఏప్రిల్‌లో మమ్మల్ని కారెక్కించుకుని ఓక్లహోమా వైపు తీసుకెళ్తూ, ఒక చిన్న ఊళ్లో పెట్రోలు కోసం ఆగాడు. రోడ్డుకి అవతల మాజీ సైనికుల హాలు. దాని ముందు గడ్డిలో, సిమెంటు దిమ్మె మీద ఒక బండి. కాళ్లు చాపుకుందామని దిగినవాడిని దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను.

నేను సైన్యంలో ఇరవై రెండేళ్లు చేశాను. మాది ఎయిర్ డిఫెన్స్, అంటే శత్రు విమానాలను కూల్చే దళం. నేను చేరినప్పుడు అది ఆర్టిలరీలోనే, అంటే ఫిరంగి దళంలోనే ఒక భాగం. 1994లో దాన్ని వేరు చేశారు. నా సర్వీసులో ఎక్కువ భాగం షిల్కా అనే గన్ను బండి మీదే గడిచింది. నాలుగు గొట్టాల 23 మిల్లీమీటర్ల గన్ను, నెత్తిన రాడార్, రష్యా వాళ్ల సరుకు. కోర్సుకి గోపాల్‌పూర్ పంపితే సముద్రం మీదకి కాల్చేవాళ్లం. అక్కడి నుంచి బరంపురం వచ్చి రైలెక్కితే గంటన్నరలో సోంపేట, మా ఇల్లు. సెలవు దొరకడం మాత్రం ఢిల్లీ అంత దూరం.

ఆ దిమ్మె మీది బండి ఎమ్-163, అంటే వల్కన్ గన్నుతో విమానాలను కూల్చడానికి అమెరికా వాళ్లు చేసుకున్న బండి. పుస్తకాల్లో చూసిందే తప్ప ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. విమానాల బొమ్మలు, బండ్ల బొమ్మలు అట్టల మీద అతికించి మాకు నేర్పించేవారు, ఏది మనది, ఏది వాళ్లది అని. ఆ అలవాటు ఇంకా పోలేదు. విమానం మోత వినిపిస్తే ఇప్పటికీ తల దానంతట అదే పైకి లేస్తుంది.

కింది సగం మామూలు ఎమ్-113. 1960 నుంచి అమెరికా సైన్యం జవాన్లను యుద్ధభూమికి మోసుకెళ్లిన పెట్టె అది. పదకొండు మంది జవాన్లు, వాళ్లు కాక నడిపేవాడు, కమాండర్. నీళ్లలో ఈదుతుంది, విమానంలో పట్టేస్తుంది. అంత తేలిగ్గా ఎలా ఉంటుందంటే ఒళ్లంతా అల్యూమినియం. మనవడి దగ్గర ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటుంది, దినోసారు బొమ్మది. దాన్ని బండి పక్క పలక మీద పెట్టమన్నాను, జారి గడ్డిలో పడింది. చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ, అదే ట్రాక్, దాని మీద పెడితే టక్కున అతుక్కుంది. వాడికి ఇదేదో మ్యాజిక్. పది నిమిషాల పాటు బండంతా తిరిగి ఎక్కడ అంటుతుందో, ఎక్కడ అంటదో చూస్తూనే ఉన్నాడు.

పై సగం విమానాల నుంచి దిగివచ్చింది. వల్కన్ అనేది అసలు ఫైటర్ విమానాల గన్ను. ఆరు గొట్టాలు గుండ్రంగా తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి కాలుస్తాయి. 1862లో గాట్లింగ్ పేటెంటు తీసుకున్న చేతితో తిప్పే గన్నుకి మోటారు తగిలించినట్టన్నమాట. 1965లో పాకిస్తాన్ మన మీదకి పంపిన ఎఫ్-104లలో ఉన్నదీ ఈ గన్నే. విమానంలో నిమిషానికి 6,000 గుండ్లు కాలుస్తుంది. నేల మీదకి తెచ్చాక ఆకాశంలోని వాటికి 3,000, నేల మీది వాటికి 1,000 అని రెండు వేగాలు పెట్టారు. 20 మిల్లీమీటర్ల గుండు.

ఇది కావాలని చేసుకున్న బండి కాదు. అమెరికా వాళ్లు మొదట మౌలర్ అని ఒక క్షిపణి బండి తయారుచేయాలనుకున్నారు. రాడారూ క్షిపణులూ అన్నీ ఒకే బండి మీద. అది ఎంతకీ తెమల్లేదు, 1965లో ఆపేశారు. అందాకా ఏదో ఒకటి ఉండాలి కదా అని చేతిలో ఉన్న ఎమ్-113 మీద చేతిలో ఉన్న వల్కన్ బిగించారు. అదే కుటుంబానికి చెందిన ఇంకో బండి మీద సైడ్‌వైండర్ క్షిపణులు పెట్టి చాపరల్ అన్నారు. ఈ రెండూ కలిపి బెటాలియన్లు. తర్వాత సార్జంట్ యార్క్ అని అసలైన బండి మొదలుపెట్టారు. దాని మీద మన సైన్యం విమానాల మీదకి వాడే ఎల్-70 గన్ను జాతికి చెందిన 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ గన్నులు రెండు. అదీ 1985లో రద్దయింది. అలా అందాకా అనుకున్న వల్కనే 1990ల దాకా లాగింది. మా ఊరి బడిలో తుఫానుకి కప్పు ఎగిరిపోతే అందాకా అని వేసిన రేకుల షెడ్డు గుర్తొచ్చింది. నేను అందులోనే ఏడో తరగతి చదివాను, మా అబ్బాయీ అందులోనే చదివాడు.

బిగించిన పనికి మాత్రం వంక పెట్టలేం. కాల్చేటప్పుడు బండి ఊగకుండా సస్పెన్షన్‌ని బిగదీసే ఏర్పాటు ఉంది. పైన బరువు పెరిగింది కాబట్టి నీళ్లలో మునగకుండా పక్కలకి తేలే పెట్టెలు తగిలించారు. ఇవన్నీ వర్క్‌షాపులో చేతులు నల్లబడిన మనుషుల బుర్రలోంచి పుట్టే పనులు.

నాకు గుచ్చుకున్నది వేరే. గన్ను బిగించి తిరిగే పైభాగం, అదే టరెట్, దాని కుడిపక్క ఒక గుండ్రటి రాడార్ ఉంటుంది. ఆ దిమ్మె మీది బండికి అది కూడా లేదు, కొక్కీలు మాత్రం మిగిలాయి. ఉన్నా అది విమానాన్ని వెతకదు. గన్నర్ విమానాన్ని కంటితో పట్టుకుని గురిలో ఉంచితే, అది ఎంత దూరంలో ఉందో మాత్రం చెబుతుంది. ఆ లెక్కతో గురి చూసే అద్దం విమానానికి ఎంత ముందుకి కాల్చాలో చూపిస్తుంది. మా షిల్కా రాడార్ తనే వెతికి, తనే పట్టుకుని వెంటాడుతుంది. ఇక్కడ వెతకాల్సింది మనిషే. మబ్బు పట్టినా, చీకటి పడినా, దుమ్ము లేచినా అంతే సంగతులు.

గన్ను విమానాల మీద గట్టిగా పనిచేసేది 1,600 మీటర్ల లోపు. సెకనుకి 250 మీటర్ల వేగంతో జెట్ నేరుగా మీదికి వస్తే ఆ దూరం ఆరు సెకన్లు. అంతలో చూడాలి, మనదా కాదా తేల్చుకోవాలి, గురి కుదరాలి, మీట నొక్కాలి. పోనీ నొక్కుతూ కూర్చుందామంటే సెకనుకి 50 గుండ్లు అయిపోతాయి. అందుకే 10, 30, 60, 100 చొప్పున విడతలుగా కాల్చే మీట పెట్టారు. ఆ టెన్షన్ ఎలాంటిదో అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది. పైగా వల్కన్ టరెట్‌కి పైకప్పు లేదు. ఎండైనా మంచైనా గన్నర్ నెత్తి మీదే. మేము మూసిన షిల్కాలో, మే నెల రాజస్థాన్‌లో, ఇడ్లీ పాత్రలో పిండిలా ఉడికేవాళ్లం. రెండిట్లో ఏది మేలంటే నేను ఇడ్లీ పాత్రే అంటాను.

1968లో దీన్ని పరీక్షించడానికి వియత్నాం పంపారు. అక్కడ పైనుంచి వచ్చే శత్రు విమానాలు లేకపోవడంతో కాన్వాయ్‌లకి కాపలాగా నేల మీదకే కాల్పించారు. ఇజ్రాయెల్ వాళ్లు మాత్రం 1982లో లెబనాన్ యుద్ధంలో దీంతో ఒక సిరియా మిగ్-21ని కూల్చినట్టు లెక్క రాసుకున్నారు. మిగ్-21 అనగానే మనసు ఒక్క క్షణం అటు లాగింది. అది మన వైమానిక దళం దశాబ్దాల పాటు నడిపిన విమానం.

ఇంతలో గడ్డి కోసే మెషీన్ ఆపి ఒక పెద్దాయన వచ్చాడు. జర్మనీలో ఈ బండి మీద పనిచేశాడట. నాకున్న ఇంగ్లీషులో ఇండియా, ఎయిర్ డిఫెన్స్, షిల్కా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయి "జూస్! జూస్!" అన్నాడు. పళ్లరసం ఇస్తానంటున్నాడేమో అనుకుని వద్దులే అన్నట్టు చెయ్యి ఊపాను. మా అబ్బాయి వచ్చి చెప్పాడు, షిల్కా అసలు పేరు జెడ్-ఎస్-యూని వీళ్లు కలిపి అలా పలుకుతారని. ఆయన తన ఛాతీ మీద వేలు పెట్టి, తర్వాత ఆకాశం వైపు చూపించి, రెండు కళ్ల మీదా వేళ్లు పెట్టుకుని నవ్వాడు. నాకు అనువాదం అక్కర్లేకపోయింది.

అప్పటికి గంటైంది. కార్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఏటండీ, ఏడు సముద్రాలు దాటొచ్చి ఈ ఇనప డొక్కు పట్టుకుని వేలాడతారేటి?"

"ఇనుము కాదు తాతమ్మా, అంటుకోదు!" అన్నాడు మనవడు, దినోసారుని పైకెత్తి చూపిస్తూ. వాడు నానమ్మని తాతమ్మా అనే పిలుస్తాడు, ఎవరు నేర్పారో తెలీదు.